డాక్టరు ఫోనులో ఉన్నారు.. నాడి పట్టేదెవరు?

మండల కేంద్రాల్లోని చిన్న క్లినిక్కులకు కొత్త పనిముట్లు, కొత్త చిక్కులు

(మా విలేఖరి)

చిత్తూరు: ఈ జిల్లాలో పెద్ద జబ్బు చేస్తే ముందు తట్టే దారులు రెండు. ఒకటి వేలూరు, రెండోది తిరుపతి. చిత్తూరు నుంచి వేలూరు 40 కిలోమీటర్ల లోపే. అందుకే జబ్బు ముదిరిందంటే ‘వేలూరికి తీసుకుపోండి’ అనడం తాతల నాటి నుంచీ మన పల్లెల్లో ఆనవాయితీ. కుప్పం వైపు వారికి తిరుపతి 150 కిలోమీటర్లకు పైనే. వారు బెంగుళూరు బండి ఎక్కుతారు. ఎటు పోయినా రాను పోను చార్జీలు, గది బాడుగ, తోడు వెళ్ళినవారి కూలి పోవడం, ఇంటి దగ్గర ఆవులకు మేత వేసే దిక్కు లేకపోవడం తప్పవు. డాక్టరు ఫీజు కంటే ఇవే ఎక్కువవుతాయి. రెండు పూటలు పాలు పితికే మనిషి ఇంట లేకుంటే ఏమవుతుందో పాడి రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ దూరాన్ని ఇప్పుడు సెల్‌ఫోను కొంత తగ్గిస్తున్నది. అయితే ఫోను తనంతట తాను వైద్యం చేయదు. పల్లెకూ, పట్నంలోని స్పెషలిస్టుకూ నడుమ మండల కేంద్రంలో రెండు గదుల క్లినిక్కు పెట్టుకుని కూర్చున్న ఎం.బి.బి.ఎస్. డాక్టరు ఒకరున్నారు. ఆయన సర్కారు ఉద్యోగి కారు, కార్పొరేట్ ఆస్పత్రి జీతం తీసుకునేవారూ కారు. ఫోను వైద్యం తెచ్చిన మార్పు ఎక్కువగా కనిపిస్తున్నది ఆయన బల్ల మీదనే. ఆ మార్పు ఆయనను నిలబెడుతుందా, పక్కకు నెడుతుందా అన్నది ఆయన సొంత గొడవ అనుకోవడానికి లేదు. రాత్రి పది గంటలకు తలుపు తట్టడానికి మరొక డాక్టరు లేని చోట అది ఊరి గొడవే.

అరగొండ డిష్షు

నిజానికి దూరం నుంచి వైద్యం మన జిల్లాకు కొత్త కాదు. తవణంపల్లె మండలంలోని అరగొండ అపోలో ఆస్పత్రుల వ్యవస్థాపకులు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంత ఊరు. 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు అరగొండ టెలిమెడిసిన్ కేంద్రాన్ని ప్రారంభించారు. ఆ రోజుల్లో ఈ పనికి ఉపగ్రహం కావాలి, మేడ మీద డిష్షు కావాలి, ఎక్స్‌రే ఫిల్మును కంప్యూటరులోకి ఎక్కించే యంత్రం కావాలి. ఇస్రో చేయి కలిపింది. ఇక్కడ పడుకున్న రోగి ఇసిజిని నగరంలోని డాక్టరు చూసి మందు చెప్పడం అప్పటికి వింత.

కాని అది పెద్ద ఆస్పత్రి చేయగల పని. సొంతంగా క్లినిక్కు నడుపుకునే డాక్టరు డిష్షు ఎక్కడి నుంచి తెస్తారు? 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరలు పడిపోయాక గాని ఆ పని జేబులోని ఫోనుకు అబ్బలేదు. అప్పటికీ చట్టం వెనుకబడే ఉన్నది. ఫోనులో మందు చెప్పడం తప్పా, ఒప్పా అన్నది డాక్టర్లకే తేలలేదు. కరోనా కారణంగా 2020 మార్చి 25 నుంచి దేశమంతా తలుపులు మూసుకున్నది. అదే తేదీతో కేంద్రం నుంచి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. రిజిస్టరైన డాక్టరు ఎవరైనా వీడియోలో చూసి గాని, మాటతో గాని, రాసి పంపే సందేశంతో గాని రోగికి సలహా ఇవ్వవచ్చునని అవి తేల్చి చెప్పాయి. ఆ మర్నాటి నుంచి ఫోను కూడా క్లినిక్కులో ఒక పనిముట్టయింది.

బల్ల మీద ఏమి మారింది?

ఇదివరకు చిన్న క్లినిక్కులో ఉండే సరంజామా అందరికీ తెలిసిందే. స్టెతస్కోపు, బీపీ చూసే పట్టీ, థర్మామీటరు, సూదులు ఉడికించే గిన్నె. ఆ గిన్నె ఎప్పుడో పోయింది. ఇప్పుడు వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజను చూపే క్లిప్పు, చుక్క రక్తంతో షుగరు చెప్పే మిషను, అరచేతిలో ఇమిడే ఇసిజి పెట్టె వచ్చాయి. వేలి క్లిప్పు అయితే కరోనా పుణ్యమా అని పల్లెల్లో ఇళ్ళలోకి కూడా చేరింది.

వీటిలో పల్లె రోగికి ఎక్కువ ఉపకారం చేస్తున్నది ఇసిజి అని చెప్పాలి. గుండెల్లో మంట అని వచ్చిన మనిషికి అది గ్యాసో, గుండెపోటో చూడగానే తేల్చడం ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా కష్టం. వెనుకటి రోజుల్లో అనుమానం ఉంటే తిరుపతి పంపేవారు. దారిలో ప్రాణం పోయినవారు ఉన్నారు, అక్కడికి పోయి గ్యాసని తెలుసుకుని తిరిగి వచ్చినవారూ ఉన్నారు. ఇప్పుడు ఇసిజి కాగితాన్ని ఫోటో తీసి తిరుపతిలోనో, వేలూరులోనో ఉన్న తోటి డాక్టరుకు వాట్సాప్‌లో పంపితే కొద్ది నిమిషాల్లో జవాబు వస్తున్నది. గుండె రక్తనాళంలో గడ్డ కట్టి ఉంటే దాన్ని కరిగించే ఇంజక్షను ఉన్నది. నొప్పి మొదలైన 12 గంటల లోపు అది పడాలి, ఎంత ముందు పడితే గుండె కండ అంత మిగులుతుంది. అంటే ఫోను ఇక్కడ మిగిల్చేది బస్సు చార్జీ కాదు, గంటలు.

ఇందులో ఒక మెలిక ఉన్నది. ఇసిజి చూసి జవాబు చెప్పే ఆ తోటి డాక్టరు చాలాసార్లు పాత స్నేహితుడే. ఒకే కాలేజీలో చదువుకున్న మొహమాటంతో చెబుతారు, ఫీజు అడగరు. స్నేహం మీద నడిచే పని కనుక ఆయన ఆపరేషనులో ఉంటే ఫోను మోగుతూనే ఉంటుంది. పెద్ద ఆస్పత్రులకు ఉన్నట్టు ఇరవైనాలుగు గంటలూ జవాబు చెప్పే ఏర్పాటు సొంత క్లినిక్కు డాక్టరుకు లేదు. ఈ సంగతి పైకి కనపడదు గాని, చిన్న డాక్టరుకూ పెద్ద ఆస్పత్రికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉన్నది.

రెండో మార్పు చీటీలో వచ్చింది. కొన్ని క్లినిక్కుల్లో చీటీ ఇప్పుడు కంప్యూటరు మీద కొట్టి ఇస్తున్నారు. మందుల షాపు కుర్రాడు అక్షరాలు కూడబలుక్కుని ఒకటి బదులు మరొకటి ఇచ్చే ప్రమాదం తప్పింది. ‘పోయినసారి ఏ మాత్ర రాసినారు సామీ?’ అంటే మీట నొక్కగానే కనపడుతున్నది. కాని కంప్యూటరు ఊరికే రాదు. సాఫ్ట్‌వేరుకు ఏటేటా సొమ్ము కట్టాలి, కరెంటు పోతే ఇన్వర్టరు కావాలి, పేర్లు ఎక్కించడానికి ఒక మనిషి కావాలి. పాత కాంపౌండరు సూది వేయడంలో దిట్ట, టైపు చేయమంటే ఒక్కో అక్షరం వెతుక్కుంటారు. ఆయన ఒక పేరు ఎక్కించే లోపల డాక్టరు ఇద్దరిని చూసేస్తారు. అరవై దాటిన డాక్టర్లు కొందరు ఈ తంటా మాకొద్దని కలంతోనే సాగిస్తున్నారు. వారిని తప్పు పట్టడానికి లేదు.

‘మాటే కదా సామీ!’

ఫోను వల్ల డాక్టరుకు వచ్చిన పెద్ద తిప్పలు ఫీజుతో. క్లినిక్కుకు వచ్చి, కూర్చుని, చెయ్యి చాపి, సూది వేయించుకుంటే మనవారు జేబులో చెయ్యి పెడతారు. అదే డాక్టరు ఫోనులో పావుగంట మాట్లాడి, ఏ మాత్ర మానాలో, ఏది వేసుకోవాలో చెబితే ‘మాటే కదా సామీ, దానికి కూడానా?’ అంటారు. డాక్టరు ఇచ్చే వైద్యంలో సగం పైగా మాటేనని మనకు ఇంకా పట్టుబడలేదు. మార్గదర్శకాల ప్రకారం ఫోను సలహాకు కూడా నేరుగా చూసినప్పటి ఫీజు తీసుకోవచ్చు, రసీదు మాత్రం ఇవ్వాలి. ఫోనులోనే డబ్బు పంపే సౌకర్యం టీకొట్టుకు కూడా వచ్చింది కనుక ఇవ్వడానికి దారి లేదనే మాట ఇక చెల్లదు.

ఫీజు రాకున్నా కాల్ మాత్రం ఆగదు. అన్నం తినే వేళ, నిద్ర వేళ ఫోను మోగుతూనే ఉంటుంది. నంబరు ఊరంతటికీ తెలుసు. తీయకుంటే డాక్టరుకు గర్వం వచ్చిందంటారు.

బీపీకి, షుగరుకు మందు వాడేవారి విషయంలో మాత్రం ఈ పద్ధతి ఇద్దరికీ కలిసి వస్తున్నది. ఒకసారి నేరుగా చూపించుకున్నాక, ఆరు నెలల లోపు అదే జబ్బుకు ఫోనులో మళ్ళీ సలహా తీసుకోవడాన్ని మార్గదర్శకాలు ఫాలో అప్‌గా లెక్కిస్తాయి. ఇంటి దగ్గర బీపీ, షుగరు చూసి అంకెలు చెబితే మోతాదు సరిచేస్తున్నారు. మామిడి కాయ కోసే రోజుల్లో తోట వదిలి రాలేని రైతుకు ఇది పెద్ద వెసులుబాటు.

బెంగుళూరులో కొడుకు, పల్లెలో తల్లి

పలమనేరు, కుప్పం పల్లెల్లో ఇంటికొకరైనా బెంగుళూరులో పని చేస్తున్నారంటే అతిశయోక్తి కాదు. తల్లికి ఒంట్లో బాగలేదని తెలియగానే కొడుకు అక్కడి నుంచే ఫోనులోని యాప్‌లో ఎవరో ఒక డాక్టరును పట్టి, తల్లిని కూడా లైనులో కలుపుతాడు. డాక్టరు ఏ ఊరిలో ఉన్నారో తెలియదు. ఒక్కోసారి ఆయన భాష తల్లికి అర్థం కాదు, కొడుకే మధ్యలో చెబుతాడు. జ్వరానికి, దగ్గుకు ఇది సరిపోవచ్చు.

కాని షుగరున్న తల్లి అరికాలిలో ముల్లు గుచ్చుకుని పుండు పడితే ఆమెకే తెలియదు. షుగరు ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుంది కనుక నొప్పి ఉండదు. నొప్పి లేదు కనుక ఆమె చెప్పదు, చెప్పలేదు కనుక ఫోనులోని డాక్టరు అడగకపోవచ్చు. మండల కేంద్రంలోని డాక్టరు అయితే ‘ఏమ్మా, చెప్పులు తీసి కాలు పైన పెట్టు’ అంటారు. ఆ ఒక్క మాటతో కాలు దక్కినవారు ఉన్నారు. కడుపు నొక్కి చూడడం, గళ్ళ చప్పుడు వినడం, కంటి రెప్ప కింద రక్తం ఉందో లేదో చూడడం, ఇవేవీ తీగ మీద వచ్చేవి కావు. మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. చేత్తో పరీక్ష చేస్తే తప్ప తేలదనిపిస్తే ఫోను సలహా అక్కడితో ఆపి నేరుగా రమ్మనాలి. ఆ నిర్ణయం డాక్టరుదే.

ఇక్కడే చిన్న క్లినిక్కుకు ఒక కొత్త పాత్ర కనపడుతున్నది. తల్లి ఆ క్లినిక్కులో కూర్చుంటుంది. డాక్టరు చెయ్యి పట్టి చూస్తారు, పుండు ఫోటో తీస్తారు, పట్నంలోని షుగరు డాక్టరుతో తానే మాట్లాడతారు. కొడుకు బెంగుళూరు నుంచి వింటాడు. రోగి ఊరు దాటదు, స్పెషలిస్టు సలహా అందుతుంది, రేపు కట్టు మార్చడానికి మనిషి దగ్గరే ఉంటారు. అక్కడక్కడా కొందరు డాక్టర్లు ఇలా చేస్తున్నారు. ఇందులో ఇద్దరు డాక్టర్లకూ ఫీజు ఇవ్వాలి కదా అని రోగులు వెనుకాడుతున్నారు గాని, వేలూరు ప్రయాణం ఖర్చు లెక్క వేసుకుంటే ఇది తక్కువే.

ఆర్.ఎం.పి. అంటే ఎవరు?

మన పల్లెల్లో ఆర్.ఎం.పి. అంటే సైకిలు మీదనో, బండి మీదనో సంచి తగిలించుకుని ఇంటికి వచ్చి సూది వేసే పెద్దమనిషి. డిగ్రీ ఉండదు. అప్పు పెట్టి వైద్యం చేస్తారు, అర్ధరాత్రి పిలిచినా వస్తారు కనుక ఆయనంటే అభిమానం. అయితే 2020 మార్గదర్శకాల్లో కూడా ఆర్.ఎం.పి. అనే మూడక్షరాలే అడుగడుగునా కనిపిస్తాయి. అక్కడ దాని అర్థం వేరు. మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదైన డిగ్రీ డాక్టరని దాని అర్థం. ‘ఆర్.ఎం.పి.లు ఫోనులో మందు రాయవచ్చు’ అన్న ముక్కను ఇక్కడ చదువుకుంటే ఎంత ఎదురర్థం వస్తుందో చెప్పనక్కరలేదు.

పేరు నమోదు కాకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫోనులో సలహా ఇప్పించే సమయంలో రోగి పక్కన ఉండి సాయపడే ఆరోగ్య కార్యకర్తలుగా మార్గదర్శకాలు నర్సును, ఏ.ఎన్.ఎం.ను, వారివంటి వారిని, తగిన అధికారి నియమించిన ఇతర కార్యకర్తలను గుర్తించాయి. సంచి డాక్టరు పేరు అందులో లేదు. అయినా కొన్ని చోట్ల ఆయనే ఫోను పట్టుకుని పట్నం డాక్టరుతో మాట్లాడించి, పలానా ఆస్పత్రికే పోవాలని పంపుతున్నారు. రోగిని పంపినందుకు కమిషను ఇవ్వడం గాని, తీసుకోవడం గాని డాక్టర్లకు 2002 నాటి వైద్య నీతి నియమాల ప్రకారం నిషిద్ధం. ఫోను వచ్చాక ఈ బేరాలు మరింత సులువయ్యాయని డిగ్రీ డాక్టర్లు వాపోతున్నారు. అందరినీ ఒకే గాటన కట్టలేము గాని, పంపేవారు ఎందుకు పంపుతున్నారో అడిగే హక్కు రోగికి ఉన్నది.

ఫోనులో రాయకూడని మందులు

మందులన్నీ ఫోనులో రాయడానికి వీలు లేదు. జ్వరం మాత్ర పారాసిటమాల్, విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. పొట్లం వంటివి ఏ పద్ధతిలో మాట్లాడినా చెప్పవచ్చు. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో రోగిని చూడవలసిందే. మరికొన్ని మందులు, ముందుగా నేరుగా చూసిన జబ్బుకు, వాడుతున్న మందులకు తోడుగా మాత్రమే రాయాలి. మార్ఫిన్ వంటి మత్తు మందులు ఫోనులో రాయడం పూర్తిగా నిషిద్ధం. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషను నంబరు తప్పక ఉండాలి. పిల్లల విషయమైతే పక్కన పెద్దవారు ఉండాలి.

పాము కరిచినప్పుడు, మూతి వంకర పోయి చెయ్యి పడిపోయినప్పుడు, కాన్పు నొప్పులప్పుడు ఏ డాక్టరుకూ వీడియో కాల్ చేస్తూ కూర్చోరాదు. 108కి చేయాలి. పాము విషానికి విరుగుడు సూది ఆస్పత్రిలోనే వేయాలి, ఫోనులో వచ్చేది కాదు. పలమనేరు, కుప్పం అడవి అంచు పల్లెల్లో రాత్రిపూట ఏనుగుల భయంతో తెల్లవారనిద్దామని ఆగేవారున్నారు. వారి బాధ నిజమే గాని, విషం తెల్లవారే దాకా ఆగదు.

సర్కారు ఉచితం, ఆస్పత్రి యాప్

చిన్న డాక్టరుకు పోటీ రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకవైపు కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని. 2019 నవంబరులో దీన్ని మొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో ఉండే సి.హెచ్.వో. రోగిని కూర్చోబెట్టి దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడిస్తారు, పైసా ఖర్చు లేదు. కుప్పంలో 2025 జూలైలో టాటా వారి సాయంతో డిజిటల్ నెర్వ్ సెంటరు కూడా మొదలైంది. మనసు బాగాలేనివారికి 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి ఉన్నది, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఇవన్నీ పేదవారికి మేలే. రెండోవైపు పెద్ద ఆస్పత్రుల యాప్‌లు. మండల డాక్టరును దాటుకుని రోగి నేరుగా అక్కడికే పోవచ్చు.

చిన్న డాక్టరు దగ్గర పదేళ్ళుగా తిరిగిన రోగి సంగతులన్నీ ఆయన తలలో ఉంటాయి. ఏ మందు పడదో, తండ్రికి ఏ జబ్బు ఉండేదో ఆయనకు తెలుసు. ఆ తల బయట మన దగ్గర ఉండేది బట్టల షాపు కవరు ఒక్కటే. అందులో నలిగిన చీటీలు, మడత పెట్టిన ఎక్స్‌రేలు. వానకు తడిసినా, చెదలు పట్టినా అడిగే దిక్కు లేదు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషను ఈ కవరు పని చేయడానికే వచ్చింది. ఆభా అనే 14 అంకెల నంబరు తీసుకుంటే చీటీలు, రిపోర్టులు దాని కింద చేరతాయి. తీసుకోవాలన్న నిర్బంధం లేదు. రోగి సరేనంటేనే మరొక డాక్టరుకు కనపడతాయి. సరే అనే ముందు ఎవరికి, ఎంతకాలానికి అని అడగాలి. నంబరు చెప్పమంటే ఫోను ఇచ్చేసి ‘నువ్వే నొక్కు నాయనా’ అనడం మన అలవాటు. ఇక్కడ అది పనికిరాదు.

చిన్న క్లినిక్కులు కూడా ఇందులో చేరవచ్చు. చేరితే ఈ-సంజీవనిలో చూపించుకున్న మనిషి చీటీ మండల డాక్టరుకు, ఆయన చీటీ పెద్ద ఆస్పత్రికి కనపడే వీలుంటుంది. చేరినవారు ఇంకా తక్కువ. ఎక్కించడానికి మనిషి లేడు, సిగ్నలు లేదు, దీనివల్ల నాకేమిటి అన్న మూడు మాటలే ఎక్కువగా వినపడుతున్నాయి. మూడోది కొట్టిపారేయదగింది కాదు. ఖర్చు ఆయనది, వసతి అందరిదీ.

ఈ క్లినిక్కులు నడుపుతున్నవారిలో చాలామంది వయసు మళ్ళినవారు. పిల్లలు డాక్టర్లయినా బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. తిరిగి వచ్చి ఆ రెండు గదుల్లో కూర్చుంటారన్న ఆశ పెద్దవారికే లేదు. కుర్ర డాక్టరు ఒకరు వచ్చి కూర్చోవాలంటే వెనుక ఒక గుండె డాక్టరు, ఒక పిల్లల డాక్టరు ఫోనులోనైనా అందుతారన్న ధైర్యం ఉండాలి. ఆ ధైర్యం ఇప్పుడు సాధ్యమవుతున్నది. అందుకు సిగ్నలు నిలకడగా ఉండాలని, ఇసిజి చూసి జవాబు చెప్పే ఏర్పాటును సర్కారు ఆస్పత్రులకే పరిమితం చేయక మండలాల్లోని రిజిస్టరైన ప్రైవేటు డాక్టర్లకు కూడా అందించాలని వారు కోరుతున్నారు. కోరిక న్యాయమైనదే. గుండెపోటు వచ్చిన మనిషి ముందు ఏ తలుపు దగ్గరగా ఉంటే ఆ తలుపే తడతాడు, అది సర్కారుదా, ప్రైవేటుదా అని చూడడు.

ఫోనులో మాట్లాడుతున్నది నిజంగా డాక్టరేనా అన్న అనుమానం వస్తే రిజిస్ట్రేషను నంబరు అడగవచ్చు. చెప్పడం వారి విధి. ఆ నంబరును, పేరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులోని డాక్టర్ల జాబితాలో ఉచితంగా చూసుకోవచ్చు. చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే రెండు నిమిషాల పని.